పాఠకుల ప్రశ్నలు: జర్మన్ యూ-బోట్లు ఎంత లోతుకు పోయేటివి?

పోయిన సంచికల వైజాగ్ బీచ్ ఒడ్డుకు ఎక్కించి పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ మీద రెండు ముక్కలు రాసినం, ఇగ అంతే, ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వరుస కట్టినయి. సముద్రం మొఖం చూడాలంటే రాత్రంత రైల్ల కూసోవాల్సిన మన ఓరుగల్లు దిక్కు మనుషులకు సబ్‌మెరైన్ల మీద ఇంత ఇంట్రెస్ట్ ఉన్నదని మాకు గూడ తెల్వదు. ఎక్కువ మంది అడిగింది రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యూ-బోట్ల గురించి (జర్మన్ సబ్‌మెరైన్లను అట్ల పిలుస్తరు), అసలు సబ్‌మెరైన్ ఎంత లోతుకు పోతే పగుల్తది అన్న దాని గురించి. అన్నీ వేసే జాగ లేదు, కొన్ని ఏరినం.

ప్రశ్న: సార్, యుద్ధం టైంల జర్మన్ యూ-బోట్ ఎంత లోతు దాక సేఫ్‌గ పోయేది? ఒక వీడియోల 100 మీటర్లు అంటరు, ఇంకోదాంట్ల 230 అంటరు, ఇంకొకాయన 260 దాటి పోయి బతికొచ్చింది అంటడు. ఏది కరెక్ట్? — డిగ్రీ స్టూడెంట్, హన్మకొండ

తమ్మీ, మూడూ కరెక్టే. అడిగేటోళ్ళు ఒక్క నంబర్ చెప్పుమంటరు గని సబ్‌మెరైన్‌కు ఒక్క నంబర్ ఉండదు, అక్కడనే గడబిడ అంత.

జర్మన్లు అందరికంటే ఎక్కువ కట్టింది టైప్ సెవెన్-సి అనే రకం. 67 మీటర్ల పొడుగు, మనుషులు ఉండే లోపటి ఉక్కు గొట్టం అడ్డం కొలిస్తే ఐదు మీటర్లు గూడ ఉండదు, అండ్లనే 45, 50 మంది, ఇంజన్లు, బ్యాటరీలు, టార్పిడోలు, పైనుంచి వేలాడదీసిన రొట్టెలు, సాసేజ్‌లు. ఆ గొట్టం ప్లేటు మందం 18.5 మిల్లీమీటర్లు, అంటే రెండు సెంటీమీటర్లు గూడ కాదన్నట్టు. దాన్ని డిజైన్ చేసినోళ్ళు 100 మీటర్లకు లెక్క కట్టిన్రు. అయితే ఇంజనీర్లు లెక్క కట్టిన కాడికే ఆగిపోయేటట్టు ఏదీ కట్టరు, మీద కొంత మార్జిన్ పెడతరు, జర్మన్లు రెండున్నర రెట్లు పెట్టిన్రు. 100కు రెండున్నర రెట్లంటే 250. లెక్క ప్రకారం పగిలేది అక్కడన్నట్టు. అమెరికా వాళ్ళు ఒకటిన్నర రెట్లే పెట్టుకునేటోళ్ళు, అందుకే కాయితం మీద అమెరికా సబ్‌మెరైన్ నంబరు, జర్మన్ సబ్‌మెరైన్ నంబరు పక్కపక్కన పెట్టి ఇది గొప్ప అది గొప్ప అంటే అది పోలికే కాదు, వీడియోలు చేసేటోళ్ళు చానా మంది చేసే పొరపాటు ఇదే.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ఏసుకొచ్చే లారీ చూసినవ్ గద, ఆర్‌సీ కాయితం మీద ఉన్న టన్నులు వేరు, ఓనర్ రోజూ ఎత్తే టన్నులు వేరు, పట్టీలు ఇరిగే టన్నులు వేరు. యూ-బోట్ కెప్టెన్లు గూడ ఆ నడిమిట్ల నంబర్ మీదనే బతికిన్రు. పైన సబ్‌మెరైన్లను వేటాడే శత్రువుల డిస్ట్రాయర్ ఓడ తిరుగుతుంటే 100 కాడ ఆగాలని ఎవరు ఆగుతరు, 150 పోతరు, 180 పోతరు, 200 దాటుతరు.

దీనికి సాక్ష్యం బ్రిటిష్ వాళ్ళ చేతికే దొరికింది. 1941 ఆగస్టు 27న ఐస్‌లాండ్‌కు దక్షిణాన యూ-570 పైకి తేలంగనే బ్రిటిష్ హడ్సన్ విమానం ఒకటి బాంబులేసింది, సిబ్బంది కొత్తోళ్ళు, అప్పటికే సముద్రం పడక కక్కుకొని ఉన్నరు, తెల్ల గుడ్డ చూపిచ్చిన్రు. విమానానికి సబ్‌మెరైన్ లొంగిపోవుడు! బ్రిటిష్ వాళ్ళు దాన్ని గుంజుకపోయి రిపేర్ చేసి హెచ్‌ఎంఎస్ గ్రాఫ్ అని పేరు పెట్టి వాడుకున్నరు గూడ. అయితే వాళ్ళకు దిమ్మ తిరిగింది ఎక్కడ అంటే, ఈ రకం 230 మీటర్ల దాక పోగలుగుతదని అప్పుడు అర్థమైంది. అప్పటిదాక వీళ్ళు అంత లోతు ఉంటదని అనుకోలె, డెప్త్ చార్జిలను, అంటే సెట్ చేసిన లోతు కాడ నీళ్ళల్ల పేలే బాంబులను, అంత కిందికి సెట్ చేసే ఏర్పాటే లేకుండె. అంటే రెండేండ్లు వీళ్ళు పైన పేల్చుకుంట ఉంటే వాళ్ళు కింద చెవులు మూసుకొని కూసున్నరన్నట్టు.

ఇగ 260 దాటిన కథ యూ-331ది. 1941 నవంబర్ 25న మధ్యధరా సముద్రంల బ్రిటిష్ యుద్ధనౌక బార్‌హామ్‌ను ముంచింది. టార్పిడోలు ఒదలంగనే బరువు తగ్గి బోటు ముందు భాగం నీళ్ళ మీదికి లేసింది, మల్ల కిందికి తోసుడుల కంట్రోల్ తప్పి దాదాపు 265 మీటర్ల దాక జారిపోయింది. లెక్క ప్రకారం పగలాలె. పగల్లె. కొత్త బోటు, వెల్డింగ్ మంచిగ పడ్డది అనుకో, అదృష్టం అనుకో. అదే రకం బోటు ఇంకోటి, ముందుగాల దెబ్బలు తిని ప్లేటు కొంచెం సొట్టబోయి ఉన్నది, 200 కాడనే పోవచ్చు. తర్వాత ప్లేటును 21 మిల్లీమీటర్లకు పెంచి ఇంకో రకం గూడ తీసిన్రు.

కాబట్టి నీకు ఎవరన్న ఒక్క నంబర్ చెప్తే, అన్నా ఇది డిజైన్ లోతా, వాడిన లోతా, పగిలే లోతా అని అడుగు.

ప్రశ్న: నమస్తే అన్నా. మాది సింగరేణి. మేం బాయిల మూడొందల మీటర్ల లోతుల షిఫ్ట్ చేసి మల్ల మీదికొస్తం, మామూలు అంగీ, టోపీ, బూట్లు, గంతే. మా నెత్తి మీద మూడొందల మీటర్ల రాయి ఉంటది, నీళ్ళ కంటె రాయి బరువు ఎక్కువ. మరి సబ్‌మెరైన్ ఉక్కుతోని కట్టి గూడ మూడొందల మీటర్లకు ఎందుకు పగుల్తది? — గోదావరిఖని

వచ్చిన అన్ని ప్రశ్నలల్ల మాకు మస్తు నచ్చింది ఇది అన్నా. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు గూడ ఇట్ల అడగరు.

నువ్వన్నది నిజమే, రాయి నీళ్ళకంటె రెండు రెట్ల పైన బరువు. గని రాయికి ఒక మంచి గుణం ఉన్నది, అది తన బరువును తనే మోస్తది. నువ్వు గ్యాలరీ తవ్వినప్పుడు మీది బరువు పక్కలకు జరిగి పిల్లర్ల మీద కూసుంటది, నీ మీద పడేది రూఫ్‌ల లూజ్ అయిన ముక్క మాత్రమే, దానికే రూఫ్ బోల్టులు కొడతరు, సపోర్టు పెడతరు. నువ్వు పీల్చే గాలి షాఫ్ట్‌లకెల్లి మీది ఆకాశంతోని కలిసే ఉంటది, మూడొందల మీటర్ల కింద గాలి ఒత్తిడి పైనదాని కంటె నూటికి మూడు నాలుగు వంతులే ఎక్కువ. చెవి జర బరువైతది, అంతే.

నీళ్ళకు ఆ గుణం లేదు. అది దేని మీద ఆనుకొని ఆగదు, సందు దొరికిందా దూరుతది, పైనుంచే కాదు, పక్కనుంచి, కిందినుంచి, అన్ని దిక్కుల నుంచి ఒకటే లెక్కన ఒత్తుతది. ప్రతి పది మీటర్లకు చదరపు సెంటీమీటర్ మీద ఒక కిలో పెరుగుతది. 200 మీటర్ల కాడ 20 కిలోలు, వినడానికి చిన్నగ ఉన్నది గద, చదరపు మీటర్‌కు లెక్క కడితే 200 టన్నులు. తలుపుల సగమంత జాగ మీద! నీ అరచెయ్యి పెట్టినంత జాగ మీద రెండు టన్నులు. బాయిల నీళ్ళు చేరి పంపులు ఆగితే ఏమైతదో నీకు నేను చెప్పేది లేదు.

అందుకే సబ్‌మెరైన్ గుండ్రంగ ఉంటది. గుండ్రంది ఉంటే ఒత్తిడి అంత ప్లేటు పొంట సమానంగ పోతది. లోపట వరుసగ రింగులు పెట్టి వెల్డింగ్ చేస్తరు, ప్లేటు గుండ్రం తప్పకుండ పట్టేది అవే. గొట్టం కొంచెం కోడిగుడ్డు తీర్గ అయినా సరే, ఒత్తిడి ఆ వంకర కాడికే చేరుతది, ఇంక వంకర చేస్తది, ఇంక చేరుతది. పగిలేటప్పుడు మెల్లగ నలిగి నలిగి పోదు, ఒక్కసారి లోపటికి కూలుతది, సెకండ్ గూడ పట్టది.

పగలక ముందు గూడ ఉక్కు కుంచించుకపోతది, అది కండ్లతోని చూడొచ్చు. కొత్తగ చేరినోళ్ళకు చూపెట్టనీకె నావికులు పాత రోజుల నుంచి చేసే పని ఒకటున్నది: మీద ఉన్నప్పుడు ఈ పక్క గోడ నుంచి ఆ పక్క గోడకు దారం బిర్రుగ గుంజి కడతరు. కిందికి దిగుతుంటే ఆ దారం మెల్లగ లూజ్ అయి నడుమ వేలాడుతది. గోడలు దగ్గరికొచ్చినయన్నట్టు. లోతుకు పోయినకొద్ది కిర్రుమని, టక్కుమని సప్పుళ్ళు గూడ వస్తయి, అది విని కొత్తోళ్ళు ఒకళ్ళ మొఖం ఒకళ్ళు చూసుకుంటరు.

ఇంకో తిరకాసు. గొట్టం కుంచించుకపోతే అది జరిపే నీళ్ళు తగ్గుతయి, అంటే తేలే బలం తగ్గుతది, బోటు ఇంక బరువెక్కి ఇంక కిందికి పోతది. దాన్ని ఆపాలంటే లోపటి నీళ్ళు బయటికి పంపు చెయ్యాలె, లేకుంటే కంప్రెస్ చేసిన గాలి ట్యాంకులల్లకు ఒదలాలె, గని 200 మీటర్ల కాడ ఒక ట్యాంకు నీళ్ళు ఎల్లగొట్టాలంటే మీద పట్టే గాలికి ఇరవై రెట్ల పైన గాలి కావాలె. సిలిండర్లల్ల ఉన్నది లిమిట్. లోతుకు పోవుడు అల్కగ ఉంటది, మీదికొచ్చుడే ఖరీదు.

ప్రశ్న: మరి లోపట ఉన్నోళ్ళకు చెవులు నొప్పి పెట్టవా? మా బాయిల మునిగితేనే చెవులు గుయ్యిమంటయి. — ఏడో తరగతి, నర్సంపేట

పెట్టవు బిడ్డా. నువ్వు మునిగితే నీళ్ళు నీ చెవిని ఒత్తుతయి, సబ్‌మెరైన్‌ల నీళ్ళు ఉక్కును ఒత్తుతయి, లోపట గాలి మన ఇంట్ల ఉన్నట్టే ఉంటది.

ప్రశ్న: అన్నా, సినిమాలల్ల చూపెడతరు గద, లోతుకు పోతే బోల్టులు బుల్లెట్ల లెక్క ఎగురుడు, పైపులు పగులుడు, అది నిజమేనా? ఇంకోటి, గంత లోతుకు పోయే తెలివి ఉంటే కింద్నే ఉండక మల్ల మీదికెందుకు వచ్చిన్రు, అంతమంది ఎందుకు సచ్చిపోయిన్రు? — ఇంటర్ సెకండియర్, పరకాల

రెండు ప్రశ్నలు అడిగినవ్, మంచిగున్నయి. ఎగిరే రివెట్లు జర ఎక్కువ చేసిందే, ఎందుకంటే రెండో యుద్ధం యూ-బోట్ల ప్లేట్లు వెల్డింగ్‌వి, రివెట్లు ఎగురుడు అంటే మొదటి యుద్ధం నాటి బోట్లను అనుకోవాలె. గని పైపులు పగులుడు మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. అసలు సబ్‌మెరైన్‌ను ముంచేది ఎక్కువసార్లు ఆ పెద్ద గొట్టం కాదు, దానికి పెట్టిన బొక్కలు. ఇంజన్ పొగ పోవడానికి ఒక బొక్క, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు ఒక బొక్క, పెరిస్కోప్‌కు ఒకటి, టార్పిడో ట్యూబులకు, నీళ్ళు తీసుకునే వాల్వులకు, మనిషి ఎక్కి దిగే హ్యాచ్‌కు. ప్రతి దానికి ఒక సీల్, ఒక గాస్కెట్. డెప్త్ చార్జి దగ్గర పేలితే బల్బులు పోతయి, గేజీల అద్దాలు పగుల్తయి, గాస్కెట్ కదులుతది, అక్కడినుంచి 20 కిలోల ప్రెషర్‌తోని నీళ్ళు వస్తె చెయ్యి అడ్డం పెట్టి ఆపేది కాదు.

యుద్ధం అయిపోయినంక గూడ ఇదే జరిగింది. 1963 ఏప్రిల్ 10న అమెరికాది థ్రెషర్ అనే అణు సబ్‌మెరైన్, డిజైన్ లోతు 400 మీటర్లు, రిపేర్ అయినంక ఆ లోతుకే టెస్ట్ చేయనీకె దిగింది. ఎంక్వైరీల తేలింది ఏందంటే, ఇంజన్ రూంల ఏదో ఒక పైపు జాయింట్ ఒదిలి ఉంటది, ఆ నీళ్ళకు రియాక్టర్ ఆగి ఉంటది అని. ట్యాంకులల్లకు గాలి ఒదిలితే మీదికి రావాలె, ఒదిలిన్రు గూడ, గని గాలి జోరుగ పోయేటప్పుడు చల్లబడ్తది, గాలిల ఉన్న తేమ పైపు జాలీల కాడ మంచు గట్టింది, గాలి పోయే తొవ్వ మూసుకుపోయింది. తర్వాత అదే రకం ఇంకో సబ్‌మెరైన్‌ను ఒడ్డుకు కట్టేసి గాలి ఒదిలి చూస్తె అట్లనే మంచు గట్టింది. 129 మంది పోయిన్రు. ఉక్కు గట్టిదే, జాలీ పెట్టినోళ్ళకు మంచు సంగతి తట్టలె.

ఇగ రెండో ప్రశ్న. తమ్మీ, అప్పటి యూ-బోట్ అసలు సిసలు సబ్‌మెరైనే కాదు అంటే కోపం తెచ్చుకోకు, అది అవసరం పడ్డప్పుడు మునిగే పడవ. డీజిల్ ఇంజన్‌కు గాలి కావాలె, గాలి మీదనే ఉంటది. మునిగితే బ్యాటరీ మీద నడవాలె. మీద గంటకు 30 కిలోమీటర్ల పైన పోయే బోటు, కింద 7 కిలోమీటర్లతోని మెల్లగ పోతే బ్యాటరీ 20 గంటలు వస్తది, 150 కిలోమీటర్లు గూడ దాటదు. స్పీడ్ పెంచినవా, గంట రెండు గంటల్ల ఖతం. ఆక్సిజన్ తగ్గుతది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతది, అందరూ మంచాల మీద పడుకొని పీల్చుడు తగ్గించాలె. ఎంత లోతుకు పోయినా ఆఖరికి మీదికి రావాల్సిందే.

మరి లోతు దేనికి పనికొచ్చింది? టైం గుంజుకోవడానికి. డెప్త్ చార్జి ఒక డ్రమ్ము, నీళ్ళల్ల సెకండ్‌కు మూడు మీటర్ల లెక్కన మునిగేది. 200 మీటర్ల కిందున్న బోటు కాడికి రానీకె నిమిషం పైన పడుతది. ఇంకోటి ఏందంటే, పైన ఓడ సరిగ్గ బోటు నెత్తి మీదికి వచ్చేసరికి దాని సోనార్‌కు (నీళ్ళల్లకు సప్పుడు పంపి బోటును పట్టే యంత్రం) బోటు కనపడదు, ఆఖరి జర దూరం గుడ్డిగనే పోతరు. ఆ నిమిషంల యూ-బోట్ కెప్టెన్ ఒక్కసారి స్పీడ్ పెంచి పక్కకు తిప్పితే డ్రమ్ములన్ని ఖాళీ నీళ్ళల్ల పేలుతయి, అవి ఏడెనిమిది మీటర్ల లోపట పేలితేనే గొట్టం పగిలేది. తర్వాత బ్రిటిష్ వాళ్ళు హెడ్జ్‌హాగ్ అని తెచ్చిన్రు, 24 చిన్న బాంబులు ఓడ ముందుకు ఎగిరి పడతయి, సోనార్‌ల బోటు కనపడుతుండంగనే ఎయ్యొచ్చు, తగిలితేనే పేలుతయి, లోతు సెట్ చేసే పని లేదు. పాపం అక్కడికి లోతు ఇచ్చిన లాభం సగం పోయింది.

మిగిలిన సగాన్ని విమానాలు తీసినయి. మీదికి వచ్చి బ్యాటరీ చార్జింగ్ పెట్టుకుందాం అనేసరికి రాడార్ ఉన్న విమానం నెత్తి మీద. మునగాలంటే 25, 30 సెకండ్లు, అందరూ బోటు ముందటికి ఉరకాలె, ముందు బరువెక్కి తొందరగ మునుగుతదని. ఆ అర నిమిషంల సచ్చినోళ్ళు చానా మంది. 1943 మే ఒక్క నెలలనే 41 బోట్లు పోయినయి, వాళ్ళ అడ్మిరల్ డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి బోట్లను ఎనుకకు పిలిచిండు. యుద్ధం మొత్తం మీద దాదాపు 40 వేల మంది యూ-బోట్లల్ల పని చేస్తే 30 వేల దాక తిరిగి రాలె. వాళ్ళు నాజీ సర్కార్ కోసం సరుకు ఓడలను, అండ్ల ఉన్న మామూలు నావికులను ముంచినోళ్ళు, అది మర్చిపోయి హీరోలను చేసే వీడియోలు మాకు నచ్చయి, గని నలుగురిల ముగ్గురు సచ్చే నౌకరీ ఇంకేదన్న ఉన్నదా అంటే మాకైతే ఎరుక లేదు.

ప్రశ్న: నేను ఫుజైరాల చానా ఏండ్లు చేసిన. అక్కడ సముద్రంల హిట్లర్ సబ్‌మెరైన్ ఉన్నదని మా క్యాంపుల ఒకాయన చెప్పేటోడు, మేం నవ్వేటోళ్ళం. జర్మనీ ఎక్కడ, గల్ఫ్ ఎక్కడ? — జగిత్యాల

బాపూ, ఆయన చెప్పింది నిజమే, నవ్వినందుకు ఫోన్ చేసి చెప్పుండ్రి. జర్మన్లు 1943ల కొన్ని యూ-బోట్లను ఆఫ్రికా చుట్టు తిప్పి హిందూ మహాసముద్రంలకు పంపిన్రు, మాన్‌సూన్ గ్రూప్ అని పేరు, అప్పుడు జపాన్ చేతుల ఉన్న మలయా (ఇప్పటి మలేషియా) దిక్కు పెనాంగ్ కాడ వాళ్ళ మకాం. అండ్ల ఒకటి యూ-533. 1943 అక్టోబర్ 16న ఒమన్ గల్ఫ్‌ల బ్రిటిష్ విమానం ముంచింది. 52 మంది పోయిన్రు, ఒక్కడే బతికిండు, మునుగుతున్న బోటు హ్యాచ్‌ల నుంచి బయటపడి ఒక రోజు పైన ఈదుకుంట ఒడ్డు దిక్కు వచ్చిండు. ఆ బోటు శిథిలం ఫుజైరా ఒడ్డుకు దూరంగ 2009ల దొరికింది, 100 మీటర్ల పైన లోతుల ఉన్నది.

ప్రశ్న: ఏ దేశం నేవీ గూడ తమ సబ్‌మెరైన్ అసలు ఎంత లోతుకు పోతదో చెప్పదు, "అంతకంటె ఎక్కువ" అని రాసి ఊకుంటరు. అంత దాచేది ఏమున్నది? — రిటైర్డ్ టీచర్, మంచిర్యాల

సార్, చెప్తే ఏమైతదో ఒకాయన చేసి చూపెట్టిండు. అమెరికాల ఆండ్రూ మే అని కెంటకీ రాష్ట్రం ఎంపీ, మిలిటరీ వ్యవహారాల కమిటీకి చైర్మన్ గూడ. 1943 జూన్‌ల పసిఫిక్ దిక్కు తిరిగొచ్చి ప్రెస్ మీట్ పెట్టిండు, మన సబ్‌మెరైన్లు మంచిగ బతుకుతున్నయి, ఎందుకంటే జపాన్ వాళ్ళు డెప్త్ చార్జిలను తక్కువ లోతుకు సెట్ చేసి పేలుస్తున్నరు అని గొప్పగ చెప్పిండు. పేపర్లు అచ్చేసినయి. జపాన్ వాళ్ళు గూడ లోతు పెంచుకున్నరు. పసిఫిక్ సబ్‌మెరైన్ల అడ్మిరల్ లాక్‌వుడ్ తర్వాత లెక్క కట్టి ఈ ఒక్క ప్రెస్ మీట్‌కు పది సబ్‌మెరైన్లు, 800 మంది మనుషులు పోయిన్రని అన్నడు. లెక్క కొంచెం అటిటు ఉండొచ్చు, కోపంల చెప్పింది గద, గని యుద్ధంల మైకు ముందట నోరు అదుపుల పెట్టుకోవాలని చెప్పనీకె ఇంతకంటె పెద్ద ఉదాహరణ మాకు దొరకలె. మన టీవీ చానళ్ళోళ్ళకు గూడ ఎవరన్న చెప్తే బాగుండు.

ప్రశ్న: అప్పట్ల మన తీరానికి గూడ శత్రువుల సబ్‌మెరైన్లు వచ్చినయా? — ములుగు

వచ్చినయి అక్కా. 1944 ఫిబ్రవరి 11న వైజాగ్ కాడ జపాన్‌ది ఆర్ఓ-110 అనే సబ్‌మెరైన్ సరుకు ఓడల కాన్వాయ్ మీద దాడి చేసింది, మన రాయల్ ఇండియన్ నేవీ ఓడ జమ్నా, రెండు ఆస్ట్రేలియా ఓడలు కలిసి డెప్త్ చార్జిలతోని దాన్ని అక్కడనే ముంచినయి. అండ్లకెల్లి ఒక్కరు గూడ బతకలె. ఈ ముచ్చట వైజాగ్‌ల గూడ చానా మందికి తెల్వదు, అందరూ 1971 ఘాజీ గురించే చెప్తరు. ఘాజీ గూడ అసలు ఆ యుద్ధం నాటిదే, అమెరికా వాళ్ళు డయాబ్లో అనే పేరుతోని కట్టి 1963ల పాకిస్తాన్‌కు లీజుకు ఇచ్చిన్రు. 1971 డిసెంబర్ 3 రాత్రి తెల్లారితే 4 అనంగ వైజాగ్ కాడ పేలి మునిగింది. మన నేవీ మా రాజ్‌పుత్ ఓడ ఏసిన డెప్త్ చార్జిల వల్ల అంటది, పాకిస్తాన్ కాదు లోపటనే ఏదో పేలింది అంటది, ఆ పంచాయితీ ఇంక తెగలె.

ప్రశ్న: టాయిలెట్ వాడరాక ఒక జర్మన్ సబ్‌మెరైన్ మునిగిందని ఫార్వర్డ్ మెసేజ్ వచ్చింది. ఇట్లాంటివి గూడ నమ్ముతరా జనం? — కాజీపేట రైల్వే క్వార్టర్స్

ఈ ఒక్కటి నమ్మొచ్చు! బోటు పేరు యూ-1206, తారీఖు 1945 ఏప్రిల్ 14, జాగ స్కాట్లాండ్ ఒడ్డు కాడ. సబ్‌మెరైన్‌ల టాయిలెట్ అంటే మీ క్వార్టర్‌ల నీళ్ళు పోసినట్టు కాదు, బయట సముద్రం ఒత్తుతుంటది, దానికంటె ఎక్కువ ప్రెషర్‌తోని తోస్తేనే పోతది. పాత బోట్లల్ల లోతున ఉన్నప్పుడు అసలు వాడొద్దు, డబ్బాలే గతి. ఈ బోట్‌ల కొత్త హైప్రెషర్ మోడల్ పెట్టిన్రు, లోతుల గూడ వాడొచ్చు, గని వాల్వులు వరుస తప్పకుండ తిప్పాలె. ఆ రోజు వరుస తప్పింది, లోపటి వాల్వు, బయటి వాల్వు రెండు తెరుసుకున్నయి, సముద్రం లోపటికొచ్చింది. టాయిలెట్ కిందనే బ్యాటరీలు, ఉప్పు నీళ్ళు బ్యాటరీ యాసిడ్‌ల కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడతది, ఇగ మీదికి రాక తప్పలె. మీదికి రాంగనే విమానం బాంబులు. ఆఖరికి కెప్టెనే బోటును ముంచి సిబ్బందిని దించిండు. వాల్వు తిప్పింది కెప్టెనా, ఇంకొకరా అనే దాని మీద రెండు మాటలు ఉన్నయి, కెప్టెన్ ష్లిట్ మాత్రం తను ఇంజన్ రూంల ఉన్న అని చెప్పుకున్నడు. మీరైనా అదే చెప్తరు గద.

ప్రశ్న: ఇప్పటి సబ్‌మెరైన్లు ఎంత లోతుకు పోతయి? టైటానిక్ చూడబోయి పగిలిన దాన్ని గూడ సబ్‌మెరైనే అంటరా? — కరీంనగర్

యుద్ధ సబ్‌మెరైన్లు ఇప్పటికి గూడ మస్తు లోతుకేం పోవు, చెప్పే నంబర్లు ఎక్కువ శాతం 250 నుంచి 500 మీటర్ల నడుమనే ఉంటయి, ఎందుకంటే వాటికి లోతు కంటె సప్పుడు చెయ్యకుండుడు ముఖ్యం. అందరికంటె లోతుకు పోయిన యుద్ధ సబ్‌మెరైన్ సోవియట్ వాళ్ళ కె-278, టైటానియం గొట్టం, 1984 ఆగస్టుల 1,020 మీటర్లు ముట్టి వచ్చింది. అది గూడ ఆఖరికి లోతు వల్ల పోలె, 1989ల లోపట అగ్గి పుట్టి పోయింది, 42 మంది చనిపోయిన్రు.

జర్మన్లు ఇంక కడుతనే ఉన్నరు. మన నేవీల శిశుమార్ రకం నాలుగు జర్మన్ డిజైన్‌వే, రెండు కీల్ నగరంల కట్టి తెచ్చినం, రెండు ముంబై మజగావ్ డాక్‌ల కట్టినం. వాటిల సిబ్బంది మొత్తం ఎక్కి బయటపడే ఒక గుండ్రటి ఎస్కేప్ గది గూడ ఉన్నది. శిశుమార్ లెక్కనే జర్మన్ల టైప్ 209 అనే డిజైన్ కుటుంబందే ఇండోనేషియా సబ్‌మెరైన్ నంగ్గాలా, 2021 ఏప్రిల్‌ల 838 మీటర్ల కాడ మూడు ముక్కలై దొరికింది, 53 మంది. ఆ లోతు దాని లెక్కకు మూడు రెట్లు.

నువ్వు అడిగిన టైటానిక్ చూడబోయిన దాని పేరు టైటాన్, అది వేరే జాతి. 2023 జూన్ 18న పగిలింది, టైటానిక్ ఉన్నది 3,800 మీటర్ల కాడ, అక్కడ చదరపు సెంటీమీటర్‌కు 380 కిలోల పైన. అంత లోతుకు పోయే వాహనాల్ల మనుషులు కూసునే గదిని మామూలుగ ఉక్కుతోనో టైటానియంతోనో గోళం లెక్క చేస్తరు, వీళ్ళు పొడుగు గొట్టం చేసిన్రు, అది గూడ కార్బన్ ఫైబర్‌తోని, ప్రతి డైవ్‌కు లోపల పొరలు కొంచెం కొంచెం ఊడుతుంటయి, బయటికి కనపడదు. ఇంజనీర్లు ముందుగాలనే వద్దన్నరు, ఇనలె. ఐదుగురు పోయిన్రు. మన చెన్నైల సముద్ర టెక్నాలజీ సర్కార్ సంస్థ ఎన్‌ఐఓటీ తయారు చేస్తున్న మత్స్య-6000 ముగ్గురిని 6,000 మీటర్లకు తీసుకపోనీకె ప్లాన్ చేసింది, దాని మనుషుల గది 2.1 మీటర్ల టైటానియం గోళం, గోడ మందం 80 మిల్లీమీటర్లు. ముగ్గురికి గంత గోడ. యూ-బోట్‌ల 50 మందికి పద్దెనిమిదిన్నర.

ప్రశ్న: పిల్లలకు నిజం సబ్‌మెరైన్ చూపెట్టాలె, జర్మనీ దాక పోలేం గద. ఎక్కడికి పోవాలె? — భూపాలపల్లి

జర్మనీల లాబో కాడ యూ-995 ఒడ్డు మీద ఉన్నది, టైప్ సెవెన్ బోట్లల్ల మిగిలింది అదొక్కటే. మనకు మాత్రం వరంగల్ల రాత్రి గోదావరి ఎక్కితే పొద్దుగాల వైజాగ్. కురుసుర రష్యా బోటు, 1969ల చేరి 2001ల రిటైర్ అయింది, 91 మీటర్ల పొడుగు, 75 మంది ఉండేటోళ్ళు. లోపట ఒక గదిల నుంచి ఇంకో గదికి పోయే తలుపులు గుండ్రంగ చిన్నగ ఉంటయి, పెద్దోళ్ళు వంగి కాలు ముందు పెట్టి దూరాలె, మోకాళ్ళ నొప్పులున్న అమ్మలను బయట బీచ్‌ల కూసోబెట్టుడే మంచిది. ముందట ఆరు, ఎనుక నాలుగు టార్పిడో ట్యూబులు చూడొచ్చు, కంట్రోల్ రూంల డెప్త్ గేజ్ పిల్లలకు తప్పకుండ చూపెట్టుండ్రి. సోమవారం పోకుండ్రి, ఆ రోజు బంద్ ఉంటది.